సార్ విప్పిన పెడల్

సార్ పోయాడని నాకు చెప్పింది మా పాత కీబోర్డు మాస్టర్. మొన్న నారాయణగూడ చౌరస్తాలో మందుల దుకాణం ముందు కనబడ్డాడు. తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పి, మా అమ్మాయి ఉద్యోగం గురించి అడిగి, ఇక వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "సార్ పోయిండు, తెలుసు గద" అన్నాడు. నాకు తెలియదు. బర్కత్‌పురలో వాళ్ళ అక్క ఇంట్లోనే, నిద్రలో పోయాడట. దినాలు కూడా అయిపోయాయట.

అలాంటి మాట విన్నప్పుడు మనిషికి ముందు దుఃఖం రావాలి. నాకు ముందు ఒక ప్రశ్న వచ్చింది. సరళకు తెలుసా అని. అడిగేశాను. మాస్టర్ చేతిలోని మందుల సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "ఆమెనే నాకు ఫోన్ చేసి చెప్పింది" అన్నాడు. అంటే సరళకు నాకంటే ముందు తెలిసింది. యాభై దాటిన నా కడుపులో, పడుచుతనంలో మండిన చోటే మళ్ళీ చురుక్కుమంది. ఏడుపు ఇంటికి వెళ్ళాక వచ్చింది.

తొంభైల మొదట్లో మాది పెళ్ళిళ్ళకూ రిసెప్షన్లకూ వినాయక మండపాలకూ పాడే చిన్న ఆర్కెస్ట్రా. చిక్కడపల్లిలో ఒక పిండి గిర్ని మీది గదిలో రిహార్సల్ చేసేవాళ్ళం. గిర్నికి ఆదివారం సెలవు కాబట్టి మాకు ఆదివారం పని. ఎంత తుడిచినా ఆ గదిలో ప్రతి వస్తువు మీదా సన్నటి పిండి పేరుకుని ఉండేది. డ్రమ్ము మీద దెబ్బ పడితే పొగలా లేచేది. నేను పాడేదాన్ని. సార్ గిటారు వాయించేవాడు. నారాయణగూడలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు కాబట్టి మా అందరికీ సారే. వయసులో పెద్దవాడైన మాస్టర్ కూడా సార్ అనే పిలిచేవాడు. ఆయన అసలు పేరు పెళ్ళివాళ్ళు స్టేజీ మీద చదివినప్పుడు వినడమే తప్ప మేమెవరం నోటితో అన్నది లేదు.

పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎవరో చెవిలో ఏదో చెప్తుంటే వింటున్నట్టు ఒక పక్కకు వంగి ఉండేవాడు. ఏదైనా శ్రద్ధగా వింటున్నాడంటే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి రుద్దుకునేవాడు, బట్టల దుకాణంలో గుడ్డ పట్టి చూసినట్టు. విన్నాక ఆయన ఇచ్చే తీర్పు ఒకటే. "జర గరుకున్నది." బాగాలేదు అని ఆయన ఎవర్నీ, దేన్నీ అనగా వినలేదు. డ్రమ్ము గరుకు. ప్రిన్సిపాల్ ఉపన్యాసం గరుకు. హోటల్లో చాయ్ తాగి కూడా ఆ మాటే అనేవాడు. హోటలతను ఏం చేయాలో తోచక ఇంకో చెంచా చక్కెర వేసిచ్చేవాడు.

ఒకసారి అశోక్‌నగర్‌లో మా ఇంటికి వచ్చాడు, ఏదో ప్రోగ్రాం మారిందని చెప్పడానికి. మా అమ్మ ఎదురుగా కూర్చుని నా పెళ్ళి సంబంధాల కష్టం చెప్పుకుంటుంటే, ఆయన పైన తిరిగే ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయాడు. అది పాతది, ఒరిగి ఊగుతూ తిరిగేది. అమ్మకు సిగ్గేసి, రేపే బాగుచేయిస్తామన్నది.

"వద్దమ్మా, మంచిగ ఊగుతున్నది" అన్నాడు సార్.

అమ్మ ఆయన్ని పిచ్చివాళ్ళ లెక్కలో వేసింది. నేను మాత్రం ఆ ఫ్యానును చూసి కుళ్ళుకున్నాను. నవ్వుకునే మాటే గానీ, అబద్ధం కాదు. ఆయన అంత సేపు దేన్నైనా విన్నాడంటే దానికి ఒక విలువ వచ్చేది. నేను ఆ ఆర్కెస్ట్రాలో పాడుతున్నప్పుడు ఆయన వేళ్ళు రుద్దుకోగా ఎన్నడూ చూడలేదు. నా పాటకు గరుకున్నది అని కూడా అనలేదు. పాట అయిపోగానే తలూపి, గిటారు తీగలు సవరించుకునేవాడు. అంతే.

దానికి కారణం సరళ అని నేను మొదటి వారంలోనే కనిపెట్టాను. నాకు ముందు ఆ ఆర్కెస్ట్రాలో పాడింది ఆమె. మెడలో గడ్డకు ఆపరేషన్ అయిందనీ, ఆ తర్వాత గొంతు పోయిందనీ, అందుకే నన్ను పెట్టుకున్నారనీ మాస్టరే చెప్పాడు. ప్రతి ప్రోగ్రాం మొదట్లో ఆమె మాటల్లేని చిన్న ఆలాపన చేసేదట. మాస్టర్ కట్టిన వరస అది. చివర్లో ఒక పొడుగు స్వరం పట్టి, మొదట నిలిపి, ఆ తర్వాత మెల్లగా ఊపేదట. ఆ ఊపు దగ్గర వడ్డించేవాళ్ళు కూడా బకెట్లు కింద పెట్టి వినేవాళ్ళని డ్రమ్ము అతను నాకు పదేపదే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నా మొహంలోకి చూసేవాడు.

నేను చేరాక ఆ ఆలాపన నాకు ఇవ్వలేదు. సార్ దాన్ని గిటారు మీద వాయించేవాడు. ఆయన వాయిస్తున్నంత సేపూ నేను మైకు పట్టుకుని, పట్టుచీర కట్టుకుని, ఆయన పక్కన నిలబడి ఉండేదాన్ని. గొంతున్న మనిషి పక్కనే ఉండగా గొంతు పాడాల్సింది తీగ ఎందుకు పాడాలి? ఒకరోజు మాస్టర్‌ను అడిగాను. అది సార్ ఇష్టం అన్నాడు. సార్‌ను అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన దగ్గర ఒక కోరస్ పెడల్ ఉండేది. ఇటుకలో సగమంత ఇనప డబ్బా. గిటారు వైరు దాంట్లోకి పోయి, అక్కణ్ణుంచి స్పీకరుకు వెళ్తుంది. కాలితో నొక్కితే పనిచేస్తుంది, నొక్కకపోతే స్వరం మారకుండా దాన్ని దాటిపోతుంది. అందరూ చెప్పులతోనే ఠప్పున తొక్కుతారు. సార్ మాత్రం ఎడమకాలి చెప్పు విడిచి, పసిపిల్ల పడుకున్న ఇంటి తలుపు తోసినట్టు బొటనవేలితో మెత్తగా నొక్కేవాడు. ఆ డబ్బా చేసే పని ఏమిటంటే, వాయించిన స్వరాన్ని ఉన్నదున్నట్టు పంపిస్తూనే, దానికి ఒక నకలు తీసి, ఆ నకలును కొంచెం ఆలస్యం చేసి, కొంచెం ఊపి, పక్కన కలుపుతుంది. రెండూ కలిసి నలుగురు వాయిస్తున్నంత నిండుగా వినబడుతుంది. సినిమా పాటలకు చాలా బాగుంటుంది.

ఆ వానాకాలం సార్‌కు ఆ నిండుదనం మీద మోజు పోయింది. అసలు స్వరం బయటికి రాకుండా ఆపేస్తే, ఊగే నకలు ఒక్కటే మిగులుతుంది కదా అన్నాడు. ఒక ఆదివారం డబ్బా మరలు విప్పి, లోపలి పచ్చటి పలకను కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, సోల్డరింగ్ కడ్డీతో ఒక చిన్న భాగం కాలు పైకి లేపాడు. అసలు స్వరం వెళ్ళే దారి అదేనట. మళ్ళీ అన్నీ కలిపి గిటారు మీద ఒక స్వరం మీటాడు. స్పీకరులోంచి మేక అరిచింది. డ్రమ్ము అతను నవ్వలేక గోడకు ఆనుకున్నాడు. మాస్టర్ కూడా నవ్వాడు. నేను అందరికంటే ఎక్కువసేపు నవ్వాను.

"జర గరుకున్నది" అన్నాడు సార్.

ఎందుకట్లా వచ్చిందో మాకు చెప్పాలనిపించింది ఆయనకు. నల్లబల్ల లేదు కాబట్టి కీబోర్డు పెట్టె మూత మీది పిండిలో వేలితో గీశాడు. కొండలు గీసినట్టు, ఎక్కే గీత, దిగే గీత, మళ్ళీ ఎక్కే గీత.

"ఇగో, డబ్బా లోపల ఊపు ఇట్ల పోతున్నది. ఎక్కినంత సేపు స్వరం ఒక్కతీరు పైకుంటది. దిగినంత సేపు ఒక్కతీరు కిందికుంటది. ఈ మొన కాడికి రాంగనే గభాలున మారుతది. అది ఊగుడు కాదు, గుంజుడు" అన్నాడు. ఆ తర్వాత బొటనవేలితో ఆ మొనలన్నీ ఒక్కొక్కటే అద్ది గుండ్రం చేశాడు. "మొన పోవాలె. పైకి పోయి, జర ఆగి, కిందికి రావాలె. మనిషి గొంతు గట్లనే ఊగుతది."

మనిషి గొంతు అన్నాడు. ఎవరి గొంతో గదిలో అందరికీ తెలుసు.

అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం అదే వరస. కోఠికి పోయి గుజరాతీ గల్లీలో, ఆ మొనలు అరగదీయడానికని, చిన్న చిన్న కండెన్సర్లు పొట్లం కట్టించుకుని వచ్చేవాడు. ఒకటి తీసి ఒకటి అతికించేవాడు. అతికించాక గిటారు మీటి, కళ్ళు నేల మీద పెట్టి, వేళ్ళు రుద్దుకుంటూ వినేవాడు. మేక కొన్నాళ్ళకు పిల్లి అయింది. తర్వాత మంచంపట్టిన ముసలామె మూలుగు అయింది. ఊపు వేగం తగ్గింది, లోతు తగ్గింది. మొనలు మాత్రం ఎక్కడో ఒకచోట తగిలేవి. ఆయన కాలేజీలో పిల్లలకు కూడా తరంగాల పాఠం వారాల తరబడి అదే చెప్తున్నాడని విన్నాం.

ఒకరోజు నావైపు తిరిగి, "పద్మా, ఒకసారి 'ప' పట్టుకో" అన్నాడు. నేను పట్టుకున్నాను. ఊపిరి అయిపోయే దాకా పట్టుకున్నాను. ఆయన గిటారు మీద అదే స్వరం మీటి, పెడల్ నొక్కి, రెండూ కలిపి విన్నాడు. మరుసటి ఆదివారం మళ్ళీ పట్టుకొమ్మన్నాడు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. నేను ఆ వారాల్లో చల్లటి నీళ్ళు తాగలేదు. పెరుగన్నం మానేశాను. ఆయన ఇన్నాళ్ళకు నా గొంతు వింటున్నాడు, నా గొంతును చూసి ఆ డబ్బాను సరిచేస్తున్నాడు అనుకున్నాను. ఆ సంతోషం ఆపుకోలేకే అడిగాను, నా గొంతులో ఏం వింటున్నారు సార్ అని.

"నీ గొంతు కదలది పద్మా. గుంజ పాతినట్టు నిలబడ్తది. ఊగేది ఎంత ఊగుతున్నదో తెల్వాలంటే పక్కకు కదలనిది ఒకటి ఉండాలె గద" అన్నాడు, ఎంతో మెచ్చుకుంటున్నట్టు.

నేను స్కేలు బద్దనన్నమాట. సరళ గొంతును కొలవడానికి పెట్టుకున్న బద్దను. ఆ రాత్రి నుంచీ ఇంట్లో తలుపేసుకుని స్వరం ఊపడం సాధన చేశాను. అమ్మ తలుపు తట్టి, "ఎందుకు వణుకుతున్నవ్, జ్వరమొచ్చిందా" అని అడిగింది. నాకది రాలేదు. ఎంత ఊపినా నా స్వరం లేచొచ్చి మళ్ళీ దాని చోట అది నిలబడేది.

సార్‌కూ సరళకూ ఏదో ఉందని ఆర్కెస్ట్రాలో గుసగుసలు ఉండేవి. ఆయన పెళ్ళి చేసుకోలేదు, అక్క ఇంట్లో ఉండేవాడు, కాబట్టి గుసగుసలకు అడ్డు లేదు. నేను చెవులు రిక్కించి వినేదాన్ని. నిజంగా ఏదైనా ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. మగవాడు ఒక ఆడదాని మీద మనసుపడి ఇదంతా చేస్తున్నాడంటే అది లోకంలో ఉన్నదే. ఒక గొంతు కోసం, ఉట్టి గొంతు కోసం, ఒక మనిషి అన్ని ఆదివారాలు పిండిలో కూర్చుని కళ్ళు పాడుచేసుకోవడమే నేను ఓర్చుకోలేకపోయింది.

చలికాలంలో ఒక ఆదివారం అది వచ్చేసింది. అప్పటిదాకా లోపల మార్చిన కండెన్సర్లకు తోడు ఇంకేదో ఒకటి కలిపాడు. ఆలాపన చివరి స్వరం మీటి, ఒక క్షణం అలాగే ఉండనిచ్చి, పెడల్ మీద ఊపు పెంచి తగ్గించే మర ఒకటి చేత్తో మెల్లగా తిప్పాడు. స్వరం నిలబడి, ఆ తర్వాత తనంతట తనే ఊగడం మొదలుపెట్టింది. మొన లేదు. గదిలో ఎవరూ నవ్వలేదు. మాస్టర్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. డ్రమ్ము అతను, "అరె, సరళక్కనే" అన్నాడు. సార్ గిటారు కింద పెట్టి, బయట మెట్ల మీదికి వెళ్ళి నిలబడ్డాడు.

కొంతసేపటికి నన్ను పిలిచి, నల్లకుంట దాకా తోడు రమ్మన్నాడు. సరళ ఇంటికి. పెళ్ళైన మనిషి ఇంటికి ఒక్కడే పోతే బాగుండదని. నేను రానని ఉంటే ఆయన ఇంకెవర్నైనా అడిగేవాడు. వస్తానన్నాను. ఆమెను చూడాలని నాకూ ఉండింది.

ఆటోలో సార్ స్పీకరును ఒళ్ళో పెట్టుకున్నాడు. పెడల్‌ను నా ఒళ్ళో పెట్టాడు. దాని బరువు నాకింకా గుర్తుంది.

నేను ఊహించుకున్న సరళ వేరు. తలుపు తీసింది పొట్టిగా, నీరసంగా ఉన్న మనిషి. మెడ చుట్టూ చీర కొంగు కప్పుకుని ఉంది. మాట్లాడితే అన్ని మాటలూ ఒకే స్వరంలో వచ్చేవి. అడిగినా, నవ్వినా అదే ఎత్తు. ఆపరేషన్లో గొంతుకు పోయే ఒక నరానికి దెబ్బ తగిలిందనీ, మెల్లగా బాగుపడొచ్చు, పడకపోవచ్చని డాక్టరు చెప్పాడనీ ఆమె భర్త చెప్పాడు. ఆయన మంచి మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి తనే చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు.

సార్ ఉపోద్ఘాతం ఏమీ లేకుండా స్పీకరు పెట్టి, చెప్పు విడిచి, ఆలాపన వాయించాడు. చివరి స్వరం ఊగి ఊగి ఆగిపోయింది.

"నాది గింత నున్నగ లేకుండె సార్" అన్నది సరళ. "నాకు స్టేజంటే భయం. పొడుగు స్వరం కాడికి వచ్చేసరికి కాళ్ళు వణికేటియి. ఆ వణుకే గొంతులకు వచ్చేది. మీరందరు మంచిగున్నదంటుంటిరి, నేను చెప్పలే."

ఆ మాటకు నా లోపల ఏదో లేచి కూర్చుంది. ఇన్ని నెలలు ఈయన వెంటపడింది ఒక భయస్తురాలి వణుకు. సార్ మొహం చిన్నబోతుందని చూశాను. చిన్నబోలేదు. గిటారు వైరు పెడల్లోంచి తీసేసి, సంచిలోంచి మైకు తీసి దాని వైరు అందులో పెట్టాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమెకూ అర్థం కాలేదు.

"ఇది గిటారుకు చేసింది కాదు సరళా" అన్నాడు. "గిటారు మీద చూసుకున్న, అంతే. నువ్వు ఊపకు. సప్పగ ఒక్క స్వరం పట్టు. మిగిలింది ఇది చూసుకుంటది."

ఆమె వద్దన్నది. మైకు ముట్టుకోలేదు. నావైపు తిరిగి, "ఇప్పుడు పాడేది ఈమెనా" అని అడిగింది. సార్ నా పేరు చెప్పాడు. "ఒకటి పాడు పద్మా, వింట" అన్నది.

నేను పాడాను. ఏ పాటో అనవసరం. బాగా పాడాను, నా జన్మలో అంత బాగా ఎన్నోసార్లు పాడలేదు. కసితో పాడితే కూడా బాగా వస్తుందని నాకు ఆ రోజు తెలిసింది. పాడుతూ కళ్ళు తెరిచి చూస్తే సరళ నా మొహం చూడటం లేదు. నా మెడ వంక చూస్తోంది. ఆకలి మీద ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళ విస్తరి చూసే చూపు అది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కొంగు కిందికి, కోసిన చోటికి వెళ్ళింది. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి కూడా లోకంలో ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. దాంతో నాకు జాలి కలిగిందని రాయాలని ఉంది. కొంచెం కలిగింది. దానికంటే ముందు సంతోషం కలిగింది.

నా పాట అయిపోయాక ఆమె మైకు తీసుకుంది. నేను పాడకపోతే తీసుకునేది కాదని నా నమ్మకం. సార్ నేల మీద గొంతుక్కూర్చుని, పెడల్ మర మీద రెండు వేళ్ళు ఆనించి, ఆమె మొహం వంక చూస్తూ ఉన్నాడు. ఆమె చిన్నగా, చప్పగా, భయం భయంగా ఒక స్వరం పట్టింది. సార్ ఆగాడు. ఆమె ఊపిరి కుదుటపడేదాకా ఆగి, మర కొద్దికొద్దిగా తిప్పాడు. ఆమె నోట్లో స్వరం కదలడం లేదు. స్పీకరులో అది ఊగుతోంది. ఆమె భర్త చాయ్ కప్పుల పళ్ళెంతో వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. పళ్ళెం నేల మీద పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఊపిరి అయిపోయాక సరళ మైకు ఒళ్ళో పెట్టుకుని, "గిది నేనేనా" అని అడిగింది.

"నువ్వే" అన్నాడు సార్. "నున్నగున్నది."

ఆయన నోటి నుంచి ఆ మాట నేను విన్నది అదే మొదటిసారి.

ఆ వేసవి నుంచి సరళ మా ప్రోగ్రాములకు రావడం మొదలుపెట్టింది. ఆలాపన ఒక్కటే చేసి, స్టేజీ దిగి, భర్త పక్కన కూర్చునేది. మిగిలిన పాటలన్నీ నావే. నా స్థానం ఎవరూ లాక్కోలేదు, డబ్బూ తగ్గలేదు, పేరూ తగ్గలేదు. అయినా ప్రతి ప్రోగ్రాంలో ఆ మొదటి నాలుగు నిమిషాలు నాకు నిప్పుల మీద నిలబడ్డట్టు ఉండేది. ఆమె పాడుతున్నంత సేపు సార్ గిటారు పక్కన పెట్టి ఆమె కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చునేవాడు. జనం ఆమెను చూసేవాళ్ళు. నేను ఆయన చేతిని చూసేదాన్ని. ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో, ఎక్కడ తడబడుతుందో ఆ వేళ్ళకు తెలుసు. నాకు జలుబు చేసి గొంతు పట్టేసిన రోజు కూడా ఆయన, "వేడినీళ్ళు తాగు, అయితది" అని తన పని తాను చూసుకున్నాడు.

అలా చూసీ చూసీ ఒక విషయం నా కళ్ళబడింది. మొదట్లో మరను సగం దాకా తిప్పేవాడు. కొన్ని నెలలకు పావు దాకానే తిప్పుతున్నాడు. ఊపు మాత్రం తగ్గలేదు. తర్వాత ఇంకా తక్కువ. చిక్కడపల్లిలోనే ఒక పగటి పెళ్ళికి వాయించిన రోజు, నేను ఎప్పటిలాగే పక్కన నిలబడి ఉన్నాను. సార్ చెప్పు విడిచి పెడల్ మీద బొటనవేలు ఆనించాడు, కానీ నొక్కలేదు. పనిచేస్తున్నప్పుడు దాని మీద ఒక చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. ఆ రోజు వెలగలేదు. ఆయన వేళ్ళు మర మీద ఉన్నాయి, తిరుగుతున్నట్టు నటిస్తున్నాయి. సరళ కళ్ళు మూసుకుని చివరి స్వరం పట్టింది. అది నిలబడింది, ఆ తర్వాత ఊగింది. వడ్డించేవాళ్ళు బకెట్లు కింద పెట్టడం ఆ రోజు నేను స్వయంగా చూశాను.

భోజనాలయ్యాక అశోక్‌నగర్ వైపు నడుచుకుంటూ వస్తున్నాం, నేనూ సార్. ఎండ బాగా ఉంది. ఆయన గిటారు భుజానికి, పెడల్ సంచి చేతికి. నేను ఉండబట్టలేక అన్నాను, సార్, ఇవాళ డబ్బా బందున్నది కదా అని. ఆయన ఆగి నావైపు చూశాడు.

"నువ్వొక్కదానివే చూసినవ్" అన్నాడు. "ఆమెకు చెప్పకు. చెప్తే భయపడ్తది. డబ్బా ఉన్నదనే ధైర్యం మీద పాడుతున్నది."

చెప్పనన్నాను. కొంచెం దూరం నడిచాక, నాకెందుకు సార్ ఇలాంటిదేమీ చేయలేదు మీరు అని అడిగాను. నవ్వుతూ అడగాలనుకున్నాను. గొంతు నవ్వలేదు.

"నీకెందుకు పద్మా? నీ గురించి నాకు ఎన్నడూ రంది లేకుండె" అన్నాడు.

రంది అంటే దిగులు, పొద్దస్తమానం మనసులో మెదిలే చింత. నా గురించి ఆయనకు అది లేదు. ఆయన దృష్టిలో అంతకంటే పెద్ద మెప్పు ఇంకొకటి ఉండదని నాకు తెలుసు. మా గల్లీ మలుపు దగ్గర ఆయన బర్కత్‌పుర వైపు తిరిగిపోతుంటే, ఆ మనిషికి నా గురించి ఒక్క ఆదివారమైనా రంది ఉంటే బాగుండునని కోరుకున్నాను.

ఆ తర్వాత నాలుగైదేళ్ళు ఆర్కెస్ట్రా నడిచింది. కీబోర్డుల్లోనే అన్ని వాద్యాలూ వచ్చేశాక పిలుపులు తగ్గి, ఎవరి దారిన వాళ్ళం పోయాం. చివరి ప్రోగ్రాం దాకా సార్ సరళ కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, వెలగని డబ్బా మీద వేళ్ళు పెట్టుకునే ఉన్నాడు. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న సరళ ఫోన్ చేసింది, మాస్టర్ దగ్గర నా నంబరు తీసుకుని. మాట ఎత్తుపల్లాలతో నిండుగా ఉంది. ఇప్పుడు వాళ్ళ కాలనీలో పిల్లలకు భజనలు నేర్పుతోందట. సార్ గురించి మాట్లాడి మాట్లాడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

"ఆ డబ్బా లేకుంటే నేను ఏడికెళ్ళి పాడుదు పద్మా" అన్నది. "ఆఖరి దాకా నన్ను దాని మీదనే నడిపించిండు. నా సొంతంగ ఒక్కనాడన్న పాడి ఆయనకు వినిపించకపోతిని, అదే బాధ."

ఒక్క మాట చెప్తే ఆమె బాధ తీరిపోతుంది. భయపడుతుందని చెప్పొద్దన్న మనిషి ఇప్పుడు లేడు. ఆమె పాడబోయే స్టేజీ కూడా లేదు. అన్నీ తెలుసు నాకు. అయినా సార్ ఇన్నేళ్ళలో నాకొక్కదానికే ఇచ్చింది ఆ ఒక్క రహస్యమే.

"అవునక్కా" అని మాత్రం అన్నాను.